చేతిలో ఇమిడే ఉపగ్రహ దిక్సూచి : అది చెప్పే అంకెను ఎంతవరకు నమ్మాలి?



పోయిన వేసవి సెలవుల్లో మాలో ఒకడి ఊళ్లో జరిగిన సంగతితో ఈ వ్యాసం మొదలుపెడుతున్నాం. వాళ్ల తాతకు ఊరి చివర అర ఎకరం భూమి ఉంది. ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి. పక్క పొలం కొత్తగా కొన్న ఆసామి తన హద్దులు చూసుకోవడానికి టౌను నుంచి ఒక ప్రైవేటు మనిషిని పిలిపించాడు. ఆ మనిషి చేతిలో సెల్ ఫోను కంటే కాస్త లావుగా, పసుపు రంగులో ఒక యంత్రం ఉంది. దాన్ని పట్టుకొని గట్టు వెంబడి నడిచాడు. ఏవో అంకెలు రాసుకున్నాడు. "తాతా! నీ గట్టు మూడు మీటర్లు ఇవతలికి జరగాలి" అని చెప్పి బండెక్కి వెళ్లిపోయాడు. తాత ఆ గట్టు మీదే చాలాసేపు కూర్చొని, "ఉపగ్రహం చెప్పిందంట గదరా అబ్బాయ్, ఆకాశంతో ఏం వాదన పెట్టుకుంటాం" అన్నాడట.

సెలవులై హాస్టల్ కు తిరిగి వచ్చాక మావాడు ఈ సంగతి చెప్పాడు. ఆ రాత్రి స్టడీ అవర్ అయిపోయాక మేము నలుగురం డాబా మీద కూర్చొని లెక్క వేశాం. అర ఎకరం అంటే 50 సెంట్లు. నలుచదరంగా ఉందనుకుంటే ఒక్కో పక్క సుమారు 45 మీటర్లు. ఒక పక్క మూడు మీటర్లు పోతే 135 చదరపు మీటర్లు, అంటే మూడు సెంట్ల పైన. ఆ ఊళ్లో మూడు సెంట్ల జాగాలో ఇల్లు కట్టుకొని బతికే కుటుంబాలు ఉన్నాయి.

ఆకాశం నిజంగానే ఆ మాట చెప్పిందా? ఈ ప్రశ్న పట్టుకొని మేము మా ఫిజిక్స్ లెక్చరర్ గారి వెంట పడ్డాం. లైబ్రరీలో దొరికినవి చదివాం. ఆ క్రమంలో తెలిసినదంతా ఇక్కడ పంచుకుంటున్నాం.

పిడుగు లెక్క

మెరుపు కనబడ్డాక ఉరుము ఎన్ని సెకన్లకు వినబడిందో లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పడం మనలో చాలామందికి చిన్నప్పటి ఆటే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి మూడు సెకన్లంటే ఒక కిలోమీటరు. జి.పి.ఎస్. చేతి రిసీవరు చేసేది కూడా ఇదే లెక్క. శబ్దానికి బదులు రేడియో తరంగం. అది సెకనుకు దాదాపు 3 లక్షల కి.మీ. పోతుంది.

అమెరికా రక్షణ శాఖకు చెందిన జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతుంటాయి. వ్యవస్థ పూర్తిగా పనిచేయాలంటే 24 ఉండాలి. ఒక్కొక్కటి రోజుకు దాదాపు రెండుసార్లు భూమిని చుట్టి వస్తుంది. ప్రతిదానిలోనూ పరమాణు గడియారాలు ఉంటాయి. "నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని ఆ ఉపగ్రహం ఎడతెగకుండా చెబుతూ ఉంటుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి ఆ కబురు మన చేతికి చేరడానికి సెకనులో 15వ వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో రిసీవరు కొలుస్తుంది. ఆలస్యాన్ని వేగంతో గుణిస్తే దూరం వస్తుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తాత పొరబడింది ఇక్కడే. ఉపగ్రహం మనల్ని చూడదు, మన పొలాన్ని అసలే చూడదు. దానికి మనం ఉన్నట్టే తెలియదు. రిసీవరు అటువైపు ఏమీ పంపదు, రేడియోలాగా వింటుంది, అంతే. లెక్క అంతా మన చేతిలోని డబ్బాలోనే జరుగుతుంది. కాబట్టి "ఉపగ్రహం చెప్పింది" అనడం సరికాదు. ఉపగ్రహం టైము చెప్పింది, డబ్బా లెక్క కట్టింది, మనిషి దాన్ని చదివాడు. తప్పు ఈ మూడింటిలో ఎక్కడైనా దొర్లవచ్చు.

ఒక ఉపగ్రహం నుంచి దూరం తెలిస్తే సరిపోదు. మా హాస్టల్ గంట నుంచి నువ్వు వంద అడుగుల దూరంలో ఉన్నావంటే, గంట చుట్టూ గీసిన వలయంలో ఎక్కడైనా ఉండవచ్చు. బోరు నుంచి ఎనభై అడుగులు అని కూడా తెలిస్తే రెండు చోట్లకు తగ్గుతుంది. గేటు నుంచి కూడా దూరం తెలిస్తే ఒక్క చోటే మిగులుతుంది. ఆకాశంలో వలయాల బదులు గోళాలు, అంతే తేడా. మరి మూడు ఉపగ్రహాలు చాలవా, నాలుగు ఎందుకు అంటారా? మేమూ అదే అడిగాం. ఉపగ్రహంలో ఉన్నది పరమాణు గడియారం. మన చేతి యంత్రంలో ఉన్నది చేతి గడియారంలో ఉండే క్వార్ట్జ్ లాంటిదే. అది సెకనులో పది లక్షలో వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది! అందుకని అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అనే మూడు తెలియనివాటికి తోడు "నా గడియారం ఎంత తప్పు" అన్నదాన్ని కూడా నాలుగో తెలియనిదిగా పెట్టి, నాలుగో ఉపగ్రహంతో నాలుగో సమీకరణం రాసుకుంటుంది. పదో తరగతిలో రెండు తెలియనివాటికి రెండు సమీకరణాలు చేసినప్పుడు ఇది ఎందుకు పనికొస్తుందో మాకు ఎవరూ చెప్పలేదు.

ఐన్ స్టీన్ కు కూడా ఇందులో భాగం ఉంది. అంత ఎత్తులో గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి గడియారం వేగంగా నడుస్తుంది, ఉపగ్రహం వేగంగా పోతుంది కాబట్టి నెమ్మదిగా నడుస్తుంది. రెండూ కలిపితే భూమి మీది గడియారం కంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. ఆ తేడాను ముందే సరిచేసి పంపుతారు. చేయకపోతే దూరాల లెక్కలో రోజుకు 11 కి.మీ. వంతున తప్పు పేరుకుంటూ పోయేది.

ఇక ఆ సిగ్నల్ ఎంత నీరసమైనదంటే, ఉపగ్రహం పంపేదే కొన్ని పదుల వాట్లు, పాతకాలపు బల్బు ఖర్చు చేసేంత. ఇరవై వేల కిలోమీటర్లు దిగి వచ్చేసరికి అది రిసీవరులోని రేడియో గరగర కంటే కింద అణిగిపోయి ఉంటుంది. ప్రతి ఉపగ్రహానికీ 1,023 గుర్తులున్న ఒక ప్రత్యేకమైన వరస ఉంటుంది, అది సెకనులో వెయ్యిసార్లు తిరిగి తిరిగి వస్తుంది. రిసీవరు దగ్గర అదే వరస నకలు ఉంటుంది. దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఎక్కడ అతుకుతుందో చూస్తుంది. తిరునాళ్ల గోలలో కూడా అమ్మ పిలుపు మనకు వినబడినట్టే ఇదీ. చెట్టు కింద నిలబడినా, గోడ పక్కన నిలబడినా ఆ పిలుపు బలహీనపడుతుంది. లేదా గోడకు తగిలి చుట్టు తిరిగి వచ్చి దూరాన్ని ఎక్కువగా చూపిస్తుంది.

ఎనిమిది కిలోల నుంచి అరచేతికి

ఈ యంత్రం పుట్టింది సైన్యం కోసం. అమెరికా ఈ పథకాన్ని 1973లో చేపట్టింది. మొదటి ఉపగ్రహం 1978 ఫిబ్రవరిలో పైకి పోయింది. 1980లలో సైనికులు మోసిన రిసీవరు వీపున తగిలించుకునే మూట. ఎనిమిది కిలోలకు దగ్గరగా తూగేది. "చేతి" యంత్రం అనడానికి వీల్లేదు.

అది మామూలు జనానికి ఎలా వచ్చిందనేది ఒక విషాదంతో ముడిపడిన కథ. 1983 సెప్టెంబరు 1న న్యూయార్క్ నుంచి ఆంకరేజ్ మీదుగా సియోల్ పోతున్న కొరియా ప్రయాణికుల విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయింది. సోవియట్ యుద్ధవిమానం దాన్ని కూల్చివేసింది. అందులోని 269 మందీ చనిపోయారు. ఆ తరువాత కొద్ది రోజులకే అమెరికా అధ్యక్షుడు రీగన్, జి.పి.ఎస్. పూర్తయ్యాక ప్రపంచంలోని పౌరులందరికీ ఉచితంగా అందుబాటులో ఉంటుందని ప్రకటించాడు. పౌరులకు కూడా ఒక సిగ్నల్ ఇవ్వాలన్న ఆలోచన అంతకు ముందు నుంచే ఉంది. ఆ ప్రకటనతో అది మాటగా నిలబడింది.

1989లో మాగెల్లాన్ కంపెనీ నావ్ 1000 అనే రిసీవరును అమ్మకానికి పెట్టింది. చేతిలో పట్టుకొని వాడే పౌర జి.పి.ఎస్. యంత్రాల్లో అది మొదటిదిగా పేరుపొందింది. ధర సుమారు 3,000 డాలర్లు. ఒకేసారి ఒక ఉపగ్రహాన్నే వినగలిగేది, ఒకదాని తరువాత ఒకటి నాలుగింటినీ విని లెక్క కట్టేది. అందుకే చాలా నెమ్మది. ఎక్కువగా పడవలవాళ్లు కొనుక్కున్నారు.

యంత్రం అందరికీ తెలిసింది 1991 గల్ఫ్ యుద్ధంతో. గుర్తుపట్టడానికి ఒక చెట్టు గానీ గుట్ట గానీ లేని ఎడారిలో సైన్యాలు దారి తప్పకుండా నడవాలి. అప్పటికి ఆకాశంలో ఉపగ్రహాలే పదహారో ఎన్నో, రోజంతా సరిపడా కనిపించేవి కావు. సైన్యం దగ్గర రహస్య సిగ్నల్ పట్టే రిసీవర్లు బాగా తక్కువ. దాంతో ట్రింబుల్ కంపెనీ చేసిన, సైనికులు 'స్లగ్గర్' అని పిలుచుకున్న యంత్రాలను వేల సంఖ్యలో కొన్నారు. అవి పట్టేది పౌర సిగ్నల్ నే! అవి కూడా చాలక కొందరు సైనికులకు ఇంటివాళ్లే బజారులో కొని పోస్టులో పంపించారు.

ఇక్కడే మాకు బాగా ఆసక్తి కలిగించిన సంగతి ఉంది. పౌరుల సిగ్నల్ లో అమెరికా కావాలని తప్పు కలిపేది. 'సెలెక్టివ్ ఎవైలబిలిటీ' అని దానికి పేరు. గడియారం మాటను కొద్దికొద్దిగా అటూ ఇటూ జరిపేవారు. ఫలితంగా బజారు రిసీవరు చెప్పే చోటు వంద మీటర్ల దాకా తప్పేది. శత్రువు వాడుకోకుండా ఉండాలని చేసిన ఏర్పాటు. తీరా యుద్ధం వచ్చేసరికి తమ సైనికుల చేతుల్లోనే బజారు రిసీవర్లు ఉండటంతో ఆ తప్పును కొంతకాలం తీసేయవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక మళ్లీ కలిపారు.

కార్గిల్ యుద్ధంలో అమెరికా మనకు జి.పి.ఎస్. సమాచారం ఇవ్వలేదనే మాట పత్రికల్లో తరచూ చదువుతుంటాం. ఆ మాట అటుంచండి. 1999లో ఈ కావాలని కలిపిన తప్పు ఇంకా అమలులోనే ఉంది. కాబట్టి ఆ కొండల్లో పౌర రిసీవరు ఎవరి చేతిలో ఉన్నా దాని లెక్కకు వంద మీటర్ల తేడా ఉండేది. కొండ అంచున వంద మీటర్లంటే ఏమిటో మేము చెప్పనక్కరలేదు. ఇంత ముఖ్యమైన కొలబద్ద మరొక దేశం చేతిలో ఉండటం ఎలాంటిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ ఆ తప్పును తీసేయమని ఆదేశించాడు. ఆ అర్ధరాత్రి ప్రపంచంలోని ప్రతి పౌర రిసీవరూ, ఎవరూ ముట్టుకోకుండానే, ఒక్కసారిగా చాలా రెట్లు మెరుగుపడింది. వంద మీటర్ల తేడా ఇరవైలోపుకు దిగింది. ఇది జరిగిన రెండు రోజులకే అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఒకాయన అడవిలో ఒక ప్లాస్టిక్ బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు చెప్పి, చేతనైతే కనుక్కోండని సవాలు చేశాడు. అలా మొదలైన దాగుడుమూతల ఆటను ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతోంది. ఆ ఏడే పసుపు రంగు గార్మిన్ ఈట్రెక్స్ బజారులోకి వచ్చింది. 150 గ్రాముల బరువు, రెండు పెన్సిల్ సెల్లులు, ఒకేసారి పన్నెండు ఉపగ్రహాలను వినే శక్తి. తాత పొలంలో తిరిగింది ఆ జాతిదే. 2007లో, ఇకపై తయారుచేయించే ఉపగ్రహాల్లో అసలు తప్పు కలిపే ఏర్పాటే ఉండదని అమెరికా ప్రకటించింది.

సైన్యం యంత్రానికీ మన యంత్రానికీ తేడా ఏమిటి?

స్లగ్గర్ తరువాత అమెరికా సైన్యానికి 1990లలో రాక్ వెల్ కాలిన్స్ కంపెనీ చేసిన 'ప్లగ్గర్' వచ్చింది. బరువు కిలోంబావు. 2004 నుంచి దాని స్థానంలో 'డాగర్' వచ్చింది, అది అర కిలో లోపే. చూడటానికి ఇటుకలా మొరటుగా ఉంటాయి. పటాలు చూపించడంలో బజారు యంత్రాలే నయం.

సైన్యం యంత్రం మనదానికంటే ఎన్నో రెట్లు కచ్చితంగా ఉంటుందని మేము కూడా అనుకున్నాం. అసలు తేడా కచ్చితత్వం కంటే నమ్మకంలో ఉంది. పౌర సిగ్నల్ లోని 1,023 గుర్తుల వరస అచ్చులో దొరుకుతుంది. దాన్ని చూసి ఎవరైనా దొంగ సిగ్నల్ తయారుచేసి రిసీవరును మోసం చేయవచ్చు. సైన్యం సిగ్నల్ వరస చాలా పొడవైనది, పైగా రహస్య సంకేతాలతో కప్పి ఉంటుంది. తాళంచెవి లాంటి అంకెలను యంత్రంలో ఎక్కిస్తేనే అది వినబడుతుంది. శత్రువు దాన్ని అనుకరించలేడు. తాళంచెవి ఎక్కించకపోతే డాగర్ కూడా మన బజారు యంత్రంలాగే పౌర సిగ్నల్ విని ఊరుకుంటుంది.

సైన్యం యంత్రం రెండు పౌనఃపున్యాల మీద వింటుంది. ఆకాశంలో పైన అయనోస్ఫియర్ పొర సిగ్నల్ ను ఆలస్యం చేస్తుంది. ఎంత ఆలస్యం అన్నది పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి రెండింటినీ పోల్చి తప్పును తీసేయవచ్చు. పౌరులకు ఆ సౌకర్యం చాలా ఏళ్లు లేదు. 2018 నుంచి కొన్ని సెల్ ఫోన్లలో కూడా రెండు పౌనఃపున్యాలు వచ్చాయి. భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్న మనలాంటి దేశాల్లో ఈ పొర మరీ అల్లరి చేస్తుంది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నెర్టు అనే విభాగంవారు దీనిమీద పరిశోధనలు చేశారు.

ఒక విచిత్రమైన నియమం కూడా ఉంది. బజారు రిసీవర్లు ఎవరూ క్షిపణిలో పెట్టుకోకుండా, సుమారు 18 కి.మీ. ఎత్తు, గంటకు 1,900 కి.మీ. వేగం దాటితే పనిచేయడం మానేసేలా తయారుచేస్తారు. కాలేజీ పిల్లలు ఎగరేసే బెలూన్లు కూడా కొన్నిసార్లు ఈ నియమానికి దొరికిపోతుంటాయి!

ఒక బ్యాటరీ కథ

ఇంత నమ్మకమైన సైన్యం యంత్రం కూడా ఏం చేయగలదో చెప్పే ఒక సంఘటన మమ్మల్ని చాలాసేపు మాటలు లేకుండా చేసింది. 2001 డిసెంబరు 5న అఫ్ఘనిస్తాన్ లో కాందహార్ దగ్గర అమెరికా సైనికుల చిన్న దళం ఒకటి తాలిబన్ స్థావరం మీద బాంబు వేయమని విమానాన్ని కోరింది. బాంబు కూడా జి.పి.ఎస్. తో నడిచేదే. ఏ చోటు చెబితే అక్కడే పడుతుంది. 2002 మార్చిలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక రాసిన కథనం ప్రకారం, సైనికుడు ప్లగ్గర్ లో శత్రువు స్థావరం అక్షాంశ రేఖాంశాలు సిద్ధం చేసుకున్నాడు. అంతలో బ్యాటరీ అయిపోయింది. కొత్తది వేశాడు. బ్యాటరీ మార్చి మళ్లీ ఆన్ చేస్తే ఆ యంత్రం మొదట చూపేది తాను ఉన్న చోటును. తెర మీద అంకెలు కనబడ్డాయి, వాటినే చదివి చెప్పాడు. సుమారు 900 కిలోల బాంబు సరిగ్గా వాళ్లున్న చోటికే వచ్చింది. ముగ్గురు అమెరికా సైనికులు, వారితో ఉన్న పలువురు అఫ్ఘన్లు చనిపోయారు. తరువాత ఆ దేశాధ్యక్షుడైన హమీద్ కర్జాయ్ ఆ దగ్గరలోనే ఉండి స్వల్ప గాయాలతో బయటపడ్డాడు.

ఉపగ్రహాలు తప్పు చేయలేదు. రిసీవరు కూడా తప్పు చేయలేదు, దాని అంకె మీటర్ల దాకా సరైనదే. అది ఏ ప్రశ్నకు జవాబో చదివినవాడికి తెలియలేదు.

ఇలాంటిదే మన దగ్గర చిన్న ఎత్తున ఎవరికైనా జరగగల పొరపాటు ఒకటి చెబుతాం. అక్షాంశం 16 డిగ్రీల 30 నిమిషాలు అంటే విజయవాడ. 16.30 డిగ్రీలు అంటే గుంటూరు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 30 నిమిషాలంటే 0.50 డిగ్రీ. కాగితం మీద రెండూ ఒకేలా కనబడతాయి, ఉత్తర దక్షిణాలుగా తేడా 22 కి.మీ.! చేతి యంత్రంలో అంకె ఏ పద్ధతిలో చూపాలో సెట్టింగు ఉంటుంది. ఏ పటం లెక్క వాడాలో మరొక సెట్టింగు ఉంటుంది. పాత సర్వే ఆఫ్ ఇండియా పటాలు బ్రిటిష్ కాలం నాటి ఎవరెస్ట్ లెక్క ప్రకారం గీసినవి, జి.పి.ఎస్. లెక్క వేరు. ఆ సెట్టింగు చూసుకోకుండా యంత్రం అంకెను పాత పటం మీద పెడితే చోటు జరిగిపోతుంది.

మన ఉపగ్రహాలు

2013 జులై 1న శ్రీహరికోట నుంచి మన మొదటి దిక్సూచి ఉపగ్రహం పైకి వెళ్లింది. 2016 ఏప్రిల్ లో ఏడోది వెళ్లాక ఈ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. మన దేశం, చుట్టూ 1,500 కి.మీ. వరకు దీని పరిధి. పౌరులకు ఒకటి, సైన్యానికి రహస్యమైనది ఒకటి, రెండు సేవలున్నాయి. అన్నీ సాఫీగా జరగలేదు. విదేశం నుంచి తెచ్చిన పరమాణు గడియారాలు కొన్ని పాడయ్యాయి, మొదటి ఉపగ్రహంలో మూడూ ఆగిపోయాయి. గడియారం లేని దిక్సూచి ఉపగ్రహం ఉండీ లేనట్టే. 2023 మే నెలలో పంపిన ఎన్.వి.ఎస్.-01లో మన దేశంలోనే చేసిన రుబీడియం గడియారం పెట్టారు. 2025 జనవరిలో పంపిన దాని తరువాతిది అనుకున్న కక్ష్యకు చేరలేదు.

మాకు బాగా నచ్చింది మాత్రం జెమిని అనే చిన్న పెట్టె. హైదరాబాదులోని ఇన్ కాయిస్ సంస్థ చొరవతో 2019 అక్టోబరులో వచ్చింది. సెల్ సిగ్నల్ ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లకే ఆగిపోతుంది, చేపల వేట దానికి ఎంతో అవతల. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు నడిసముద్రంలో ఉన్నవాళ్లకు హెచ్చరిక చేరే దారి లేకపోయింది. జెమిని పెట్టె మన గగన్ ఉపగ్రహాల నుంచి తుపాను హెచ్చరికలను, చేపలు దొరికే చోట్ల వివరాలను అందుకొని పడవలోని ఫోనుకు పంపుతుంది. 2018లో గుజరాత్ తీరంలో వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం వైపు మత్స్యకారులు పాకిస్తాన్ కు పట్టుబడి, ఇరవై మంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. నీటి మీద గట్టు ఉండదు. తామున్న చోటు, సరిహద్దు గీత రెండూ ఒకే తెర మీద కనబడటం ఆ కుటుంబాలకు ఎంత అవసరమో మనం ఊహించవచ్చు.

డాబా మీద సుద్ద గుర్తు

చదివింది చాలక మేము ఒక ప్రయోగం చేశాం. మా లెక్చరర్ గారు ఒక పాత చేతి రిసీవరు సంపాదించి ఇచ్చారు. హాస్టల్ డాబా నడుమ సుద్దతో గుర్తు పెట్టి, యంత్రాన్ని దానిమీదే ఉంచి, ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పావుగంటకొకసారి అంకె రాసుకున్నాం. యంత్రం కదలలేదు, అంకె మాత్రం కదులుతూనే ఉంది. అక్షాంశంలో ఐదో దశాంశ స్థానం ఒకటి మారితే సుమారు 1.1 మీటరు. ఆ లెక్కన చూస్తే దూరదూరంగా ఉన్న రెండు అంకెల నడుమ ఆరు మీటర్ల తేడా వచ్చింది. ఆన్ చేసిన వెంటనే రాసుకున్న అంకె అన్నిటికంటే చెడ్డది. మరుసటి ఆదివారం మెస్ వెనుక వేపచెట్టు కింద, గోడ పక్కన చేస్తే తేడా పదిహేను మీటర్లు దాటింది. మా వంటమనిషి మమ్మల్ని చూసి, కదలని దాన్ని కొలవడానికి రెండు ఆదివారాలా అని నవ్వింది.

ఇప్పుడు తాత గట్టుకు వద్దాం. పొలం చుట్టూ పది నిమిషాల్లో నడిచి కొలిస్తే ఆ కాసేపట్లో తప్పు పెద్దగా మారదు, అన్ని మూలలూ ఒకే వైపుకు జరుగుతాయి. కాబట్టి విస్తీర్ణం ఇంచుమించు సరిగానే వస్తుంది, పొలం మొత్తం మాత్రం పక్కకు జరిగి కూర్చుంటుంది. "విస్తీర్ణం సరిపోయింది, చూడు, యంత్రం కరెక్టే" అని చెప్పినవాడు అబద్ధమాడినట్టు కాదు. కానీ గట్టు ఎక్కడ అన్నది వేరే ప్రశ్న. మూడు మీటర్లు జరపాలని చెప్పిన యంత్రం, తనంతట తానే మూడు నుంచి ఐదు మీటర్లు తప్పగలదు. పైగా ఆ మూలన చింతచెట్టు ఉందట.

మరి భూముల సర్వేకు ఉపగ్రహాలు పనికిరావా అంటే, భేషుగ్గా పనికొస్తాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ లో మొదలైన రీసర్వేలో వాడిన రోవర్లు కూడా ఉపగ్రహాల మీద ఆధారపడేవే. అయితే అవి ఒంటరిగా పనిచేయవు. ముందే కచ్చితంగా తెలిసిన చోట స్థిరంగా ఉన్న కేంద్రం ఒకటి అవే ఉపగ్రహాలను వింటూ, ఈ క్షణంలో తప్పు ఎంత ఉందో రోవరుకు చెబుతుంటుంది. దానివల్ల తేడా సెంటీమీటర్లకు దిగుతుంది. పేరుకు రెండూ జి.పి.ఎస్. లే. పొలం కొలవడానికి వచ్చినవారిని "ఇది రోవరా, చేతి యంత్రమా? దీనికి ఎన్ని మీటర్ల తేడా ఉంటుంది?" అని అడగడానికి డిగ్రీ చదవనక్కరలేదు. ఉమ్మడి రాష్ట్రంలో అటవీ హక్కుల చట్టం కింద పోడు భూముల సర్వేకు కూడా జి.పి.ఎస్. వాడారు కాబట్టి గిరిజన గూడేల నుంచి వచ్చిన మన మిత్రులు ఈ ప్రశ్నను ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పితే బాగుంటుంది.

మేము చేసినదల్లా ఇది. మా డాబా అంకెలన్నీ ఒక గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి, చుక్కల గుంపు ఎంత వెడల్పుందో తాతకు అర్థమయ్యేలా కింద స్కేలు గీసి మావాడి చేత పంపాం. తాత దాన్ని తిప్పి తిప్పి చూసి, "కదలకుండా పెట్టినా ఇంత తిరుగుద్దా ఇది!" అన్నాడట. తరువాత మావాడే కూర్చొని ఎఫ్-లైన్ పిటిషన్ రాసి, ఫీజు కట్టించాడు. రెండు నెలలకు మండల సర్వేయరు గారు ఎఫ్.ఎం.బి. నకలు తీసుకొని వచ్చి, మూలనున్న సర్వే రాయిని మట్టి తవ్వించి బయటపెట్టి, అక్కడి నుంచి గొలుసు పట్టించారు. పక్క పొలం ఆసామి కూడా వచ్చి నిలబడ్డాడు. గొలుసు రెండో కొన తాతే పట్టుకున్నాడు. గట్టు ఒక మూలన జానెడు అటు, ఇంకో మూలన జానెడు ఇటు ఉందని తేలింది. ఇద్దరూ అలాగే ఉంచుకుందామన్నారు.